రాలిన కొమ్ములో ఒక సంవత్సరం

అమెరికా ఈశాన్య, మధ్యపశ్చిమ రాష్ట్రాలలో మార్చి నెల రెండవ పక్షం ఒక విచిత్రమైన కాలం. మంచు కరిగిపోతుంది, పచ్చిక ఇంకా తల ఎత్తదు. గత శరత్తులో రాలిన ఆకులు నేలకు అణగి గోధుమరంగు చాపలా పరచుకొని ఉంటాయి. ఆ రోజుల్లో ఊరి చివరి చెట్లగుంపుల మధ్య నడిచేవారికి అప్పుడప్పుడు ఒక వస్తువు కంటబడుతుంది. దూరానికి అది ఎండుకొమ్మ. చేతికి తీసుకొంటే కొమ్మ కాదు, కొమ్ము. నున్నగా, చల్లగా, అనుకొన్నదానికంటె బరువుగా ఉంటుంది. మొదలు మాత్రం గరుకు. చూచినవారికి మొదట తోచేది ఏదో జింక చచ్చిపోయిందని. జింక చావలేదు. బహుశా ఆ సమయానికి అది కొద్ది దూరంలోనే పొదల చివరి మొగ్గలు కొరుకుతూ ఉండి ఉంటుంది.

బ్రతికి ఉన్న జంతువు తన శరీరంలోని ఎముకను ఏటేటా నేలమీద వదలి వెళ్లడం, మళ్లీ అంతటి ఎముకను కొత్తగా పెంచుకోవడం క్షీరదాలన్నింటిలోనూ జింకల కుటుంబానికే దక్కిన విశేషం. ఎముకను పరీక్షించదలచిన రసాయన శాస్త్రజ్ఞుడు సామాన్యంగా జంతువు చావు కోసం ఎదురుచూడవలసి ఉంటుంది. ఇక్కడ ఆ అవసరం లేదు. పైగా మనిషి ఎముకలోనైనా, ఆవు ఎముకలోనైనా అనేక సంవత్సరాల పదార్థం కలగలిసి ఉంటుంది. జింక కొమ్ములో ఉన్నది ఒకే ఒక వేసవి. కొమ్ములు ఏరుకోవడం సరదాగా మొదలయ్యే పనే అయినా, వాటి అసలు విలువ అక్కడ ఉంది. అది బోధపడాలంటే కొమ్ము ఎలా పుట్టి ఎలా రాలుతుందో ముందు తెలియాలి.

ఒకే మాట, రెండు వస్తువులు

తెలుగులో కొమ్ము అనే ఒక్క మాట రెండు వేర్వేరు వస్తువులకు చెల్లుతుంది. ఆవు, గేదె, మేక, కృష్ణజింక మొదలైనవాటి కొమ్ము లోపల ఎముక దిమ్మ ఉంటుంది. దానిపై కెరటిన్ అనే ప్రోటీన్ తొడుగు. గోరు, డెక్క, వెంట్రుక కూడా కెరటినే. ఈ కొమ్ము శాఖలు వేయదు, రాలదు. మొదలునుండి పెరుగుతూ జంతువుతోనే ఉండిపోతుంది. దుప్పి, కణితి, తెల్లతోక జింక, ఎల్క్, మూస్ మొదలైనవాటిది వేరే తీరు. వాటి కొమ్ములో కెరటిన్ తొడుగు లేదు. అది ఆసాంతం ఎముక. ఇంగ్లీషువారు మొదటిదానిని హార్న్ అని, రెండవదానిని ఆంట్లర్ అని వేరుచేసి పిలుస్తారు. రెండవదానిని రాలుకొమ్ము అంటే తెలుగులో చిక్కు ఉండదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు కృష్ణజింక. తెలంగాణ 2014లో తన రాష్ట్రజంతువుగా ఎన్నుకొన్నది చుక్కల దుప్పిని. ఒకదాని కొమ్ము రాలదు, మరొకదాని కొమ్ము రాలుతుంది. ఎన్నుకొన్నవారు ఈ సంగతిని లెక్కలోకి తీసుకొని ఉండరు.

ఏ నియమానికైనా అపవాదాలు ఉంటాయి. వయోమింగ్ మైదానాలలోని ప్రాంగ్‌హార్న్ అనే జంతువు కెరటిన్ తొడుగును మాత్రం ఏటా విడిచి, లోపలి ఎముకను నిలుపుకొంటుంది. రాలుకొమ్ములు మగవాటికే ఉంటాయన్న నియమాన్ని ఉత్తర ధ్రువప్రాంతపు కారిబూ తప్పిస్తుంది. అందులో ఆడవాటికీ కొమ్ములుంటాయి. ఈ రెండవ అపవాదం చాలా ముఖ్యమైనది. దాని ప్రసక్తి మళ్లీ వస్తుంది.

అప్పు చేసి కట్టిన ఎముక

తెల్లతోక జింక తల మీద, నుదుటి ఎముకనుండి లేచిన రెండు పొట్టి దిమ్మెలు శాశ్వతంగా ఉంటాయి. వీటిని పీఠాలనవచ్చు. వసంతంలో పగలు పొడవయ్యే కొద్దీ పీఠాల మీద మెత్తని మొగ్గలు లేస్తాయి. వాటిని కప్పి మఖమలు వంటి నూగుచర్మం, దానిలో దట్టమైన రక్తనాళాలు, నరాలు ఉంటాయి. పెరుగుదల చివరనుండి జరుగుతుంది. ముందు మృదులాస్థి ఏర్పడి, వెనుకనుండి ఖనిజం చేరి గట్టిపడుతూ వస్తుంది. పెద్ద మగ ఎల్క్ విషయంలో ఈ పెరుగుదల ముమ్మరంగా ఉన్న రోజుల్లో రోజుకు ఒక అంగుళం వరకు ఉండవచ్చు. క్షీరదాల శరీరంలో ఇంత వేగంగా పెరిగే ఎముక మరొకటి లేదు.

ఆ వేగానికి కావలసిన కాల్షియం, ఫాస్ఫరస్ మేతలో దొరకవు. పెద్ద ఎల్క్ మోసే జత కొమ్ముల బరువు 10 కిలోలు దాటుతుంది. దానిని మూడు నాలుగు నెలల్లో కట్టాలి. అందుచేత జింక తన అస్థిపంజరం వద్దనే అప్పు చేస్తుంది. పక్కటెముకలు మొదలైనవాటినుండి ఖనిజం కరిగి, రక్తం ద్వారా కొమ్ముకు చేరుతుంది. వేసవి మధ్యలో మగజింక పక్కటెముకలు గుల్లబారి ఉంటాయి. వృద్ధులలో వైద్యులు ఆస్టియోపొరోసిస్ అని పిలిచే స్థితి ఇదే. మనిషిలో అది చాలావరకు తిరిగిరాని నష్టం. జింకలో ప్రతి సంవత్సరం వచ్చి, కొమ్ము పూర్తయిన తరువాత మేతతో తీరిపోయే బాకీ. ఈ బాకీ ఎలా తీరుతుందన్నది పూర్తిగా తెలిస్తే మానవవైద్యానికి ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

వేసవి చివర టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను రక్తంలో పెరుగుతుంది. కొమ్ము పూర్తిగా గట్టిపడుతుంది, పైచర్మానికి రక్తం అందక ఎండిపోతుంది. ఆగస్టు చివర, సెప్టెంబరులో జింక చెట్ల బోదెలకు రాచుకొని ఆ చర్మాన్ని పీలికలుగా ఊడగొట్టుకొంటుంది. మిగిలిన గట్టి కొమ్ములో, ఎండు బరువున, సుమారు 60 శాతం ఖనిజం. మిగిలినదానిలో అధికభాగం కొల్లాజెన్ అనే ప్రోటీన్. ఆ ఖనిజం హైడ్రాక్సీఅపటైట్ కోవకు చెందిన కాల్షియం ఫాస్ఫేట్. తొడ ఎముకకంటె ఇందులో ఖనిజం తక్కువ, కొల్లాజెన్ ఎక్కువ. అందువల్లనే మగజింకలు తలలు ఢీకొట్టుకొన్నప్పుడు కొమ్ము పెళుసుగా విరగక దెబ్బను ఓర్చుకొంటుంది. శాఖలను లెక్కపెట్టి జింక వయస్సు చెప్పడం చాలామందికి అలవాటు. అది పొరపాటు. శాఖల సంఖ్య మేతను, వంశాన్ని, ఆరోగ్యాన్ని కూడా అనుసరించి మారుతుంది.

తెగే గీత

శరత్తులో జతకట్టే కాలం ముగిశాక టెస్టోస్టిరాన్ పడిపోతుంది. పీఠానికీ కొమ్ముకూ నడుమ ఒక సన్నని అంచులో ఆస్టియోక్లాస్ట్ కణాలు చేరుతాయి. ఎముకను కరిగించడమే వీటి పని. ఇవి ఆమ్లాన్ని స్రవించి ఖనిజాన్ని, ఎంజైములతో కొల్లాజెన్‌ను కరిగిస్తాయి. గీత గీసినట్లు ఆ ఒక్క అంచులోనే ఎముక మాయమవుతుంది. దానికి పైన, కింద చెక్కుచెదరదు. కొద్ది రోజుల ముందు రెండు చేతులా పట్టి లాగినా ఊడని కొమ్ము ఒక ఉదయం తన బరువుకు తానే పడిపోతుంది, లేదా జింక కంచె దాటేటప్పుడు ఆ కుదుపుకు ఊడుతుంది. పీఠం మీద కొంచెం నెత్తురు చిమ్ముతుంది, పొక్కు కడుతుంది, చర్మం కప్పుకొంటుంది. తెల్లతోక జింకలో ఇది డిసెంబరు, మార్చి నెలల మధ్య, ఎల్క్‌లో ముఖ్యంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో జరుగుతుంది. మూస్ చలికాలం మొదట్లోనే రాల్చడం ప్రారంభిస్తుంది.

దొరికిన కొమ్ము మొదలును భూతద్దంతో చూస్తే ఈ కథ కనిపిస్తుంది. చక్కెర పలుకులు అతికించినట్లున్న ఆ గరుకుతనం ఆస్టియోక్లాస్ట్‌లు తిని వదలిన ముఖం. అలా కాక మొదలుకు కపాలపు ముక్క అంటుకొని ఉంటే అది రాల్చిన కొమ్ము కాదు. ఆ జంతువు చనిపోయినదే.

ఈ గడియారాన్ని నడిపేది చలి కాదు, పగటి పొడవు. కంటిలో పడిన వెలుతురు సమాచారం మెదడులోని పీనియల్ గ్రంథికి చేరి, అది స్రవించే మెలటోనిన్ ద్వారా హార్మోనుల క్రమాన్ని శాసిస్తుంది. బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ గాస్ సికా జాతి జింకలను కృత్రిమ దీపాల కింద ఉంచి దీనిని చూపించాడు. పన్నెండు నెలల పగటి మార్పులను ఆరు నెలలకో, నాలుగు నెలలకో కుదిస్తే, జింకలు ఒకే సంవత్సరంలో రెండు మూడు సార్లు కొమ్ములు రాల్చి పెంచుకొన్నాయి. భూమధ్యరేఖకు దగ్గరైన చోట పగటి పొడవు అంతగా మారదు. అందుచేతనే దక్షిణ భారతపు అడవుల్లో చుక్కల దుప్పులను చూస్తే, ఒకే మందలో ఒకటి గట్టి కొమ్ములతో, ఒకటి నూగుకొమ్ములతో, ఒకటి బోడితలతో కనిపించవచ్చు.

ఎక్కడ, ఎప్పుడు వెతకాలి

రాలిన కొమ్ము దొరకడం కష్టమన్న మాట క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దంలోనే అరిస్టాటిల్ వ్రాసి పెట్టాడు. జింకలు మనిషి చేరలేని చోట్ల కొమ్ములు విడుస్తాయని, ఎడమ కొమ్మును ఎవరూ ఏనాడూ చూడలేదని, దానిలో ఔషధగుణం ఉన్నందున జింక దానిని దాచివేస్తుందని జనం చెప్పుకొనేవారట. కొమ్ములు ఏటా రాలడాన్ని, చిన్ననాట వృషణాలు తీసిన జింకకు కొమ్ములే రాకపోవడాన్ని సరిగా గమనించిన మహానుభావుడు ఎడమ కొమ్ము కథను కూడా పక్కనే చేర్చడం ఒక వింత.

జింక ఎక్కువసేపు గడిపిన చోట కొమ్ము పడే అవకాశం ఎక్కువ, అంతే. చలికాలంలో అవి ఎండ పొద్దంతా పడే దక్షిణపు వాలుల మీద, గాలి తగలని సతతహరిత వృక్షాల నీడన పడుకొంటాయి. కోతలైన మొక్కజొన్న, సోయా చేలలో మేస్తాయి. ఈ రెండింటి నడుమ అరిగిన కాలిబాటలు, ఆ బాటలు కంచెలను, వాగులను దాటే చోట్లు తప్పక చూడదగినవి. రెండు కొమ్ములు ఒకేసారి రాలవు. కొన్నిసార్లు పక్కపక్కనే, కొన్నిసార్లు కొన్ని రోజుల తేడాతో ఎంతో దూరాన పడతాయి. మబ్బు పట్టిన రోజు, వాన వెలిసిన పూట మేలు. తడిసిన కొమ్ము ముదురు ఆకుల మధ్య తెల్లగా మెరుస్తుంది, ఎండలో నీడల గందరగోళం ఉండదు. అనుభవజ్ఞులు కొమ్మును మొత్తంగా వెతకరు. ఆకులలోంచి పైకి లేచిన ఒక మొన, చెట్టుకొమ్మకు ఉండని ఒక వంపు, వీటి కోసం కళ్లు తిప్పుతూ మెల్లగా నడుస్తారు. ఆలస్యం చేసినకొద్దీ ఎలుకలు, ఉడుతలు, ముళ్లపందులు వాటిని కొరికివేస్తాయి. వాటికీ కాల్షియం కావాలి మరి. స్కాట్లండులోని రమ్ ద్వీపంలో ఎర్రజింకలే రాలిన కొమ్ములను నమలడం కనిపెట్టారు.

నేలమీద ఉన్న దస్త్రం

ఆవర్తన పట్టికలో కాల్షియం కిందనే స్ట్రాన్షియం ఉంటుంది. ఎముక కట్టే కణాలు ఈ రెంటినీ పూర్తిగా వేరుచేయలేవు. 1950 దశకంలో వాతావరణంలో జరిపిన అణుపరీక్షల వల్ల స్ట్రాన్షియం-90 ప్రపంచమంతటా గడ్డి మీద రాలింది. దాని అర్ధజీవితకాలం సుమారు 29 సంవత్సరాలు. జింక ఆ గడ్డి మేసింది, ఆ వేసవి కొమ్ములో దానిని దాచింది. బ్రిటన్‌కు చెందిన హాథార్న్, డక్‌వర్త్ అనే శాస్త్రజ్ఞులు జింక కొమ్ములలోని ఈ రేడియోధార్మికతను కొలిచి 1958లోనే నేచర్ పత్రికలో ప్రకటించారు. 1963లో వాతావరణ పరీక్షలను నిషేధించే ఒడంబడిక వచ్చింది. ఎముకలో స్ట్రాన్షియం చేరడమన్న ఆందోళనకు ఆ చర్చలలో పెద్ద స్థానమే ఉండినది.

జర్మనీలో హార్స్ట్ కీర్డార్ఫ్, ఊవె కీర్డార్ఫ్ రో జింకల కొమ్ములలో సీసాన్ని, ఫ్లోరైడును కొలిచి పారిశ్రామిక కాలుష్యం తీరును పరిశీలించారు. ఫ్లోరైడు కథ తెలుగువారికి కొత్తది కాదు. హైడ్రాక్సీఅపటైట్‌లో హైడ్రాక్సిల్ ఉండవలసిన చోట ఫ్లోరైడు అయాను కూర్చొంటుంది. నల్లగొండ జిల్లాలో మనుష్యుల వెన్నెముకలను వంచింది ఇదే ప్రతిక్రియ. భారతదేశంలో ఈ వ్యాధిని 1937లో మొదట నివేదించింది నెల్లూరు జిల్లానుండి. మనిషి ఎముకలో ఆ విషం ఏళ్ల తరబడి పేరుకొంటుంది. జింక కొమ్ము మాత్రం ఆ వేసవి నీటిలో, గడ్డిలో ఉన్నదెంతో విడిగా చెబుతుంది.

ఇక కారిబూ సంగతి. మగ కారిబూ జతకట్టే కాలం తరువాత కొమ్ములు రాలుస్తుంది. చూలుతో ఉన్న ఆడ కారిబూ చలికాలమంతా కొమ్ములు నిలుపుకొని, ఈనిన కొద్ది రోజుల తేడాలో రాలుస్తుంది. అనగా ఆడకొమ్ములు దట్టంగా పడి ఉన్న చోటు ఈనే చోటన్నమాట. అలాస్కాలోని ఆర్కిటిక్ వన్యప్రాణి ఆశ్రయంలో, తీరమైదానపు చలికి కొమ్ములు కుళ్లక శతాబ్దాలు నిలుస్తాయి. సిన్సినాటి విశ్వవిద్యాలయానికి చెందిన జోషువా మిల్లర్ బృందం అక్కడ నేలమీది కొమ్ములను వెతికి, రేడియో కార్బన్ పద్ధతిన కాలం కట్టింది. 2022లో ప్రకటించిన ఫలితాల ప్రకారం వాటిలో కొన్ని 3,000 సంవత్సరాలకు పైబడినవి. చమురు తవ్వకం గురించి దశాబ్దాలుగా తగాదా నడచినది ఈ మైదానం మీదనే. 2017లో అమెరికా కాంగ్రెసు అక్కడ లీజులకు దారి తీసే చట్టం చేసింది. కారిబూలు ఈ మధ్యనే అక్కడికి వస్తున్నాయని ఎవరైనా వాదించదలచుకొంటే నేలమీద పడి ఉన్న ఆ ఎముకలు సాక్ష్యానికి సిద్ధంగా ఉన్నాయి. ఎవరో ముచ్చటపడి వాటిని ఏరుకొని పోయి ఉంటే ఆ సాక్ష్యం ఉండేది కాదు.

ఏరడంలోని చిక్కులు

కొమ్ములు రాలే కాలం, జింక ఒంట్లో కొవ్వు అడుగంటే కాలం ఒకటే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అది ప్రతి అడుగునూ ఆచితూచి వేస్తూ బ్రతుకుతుంది. మనిషిని, కుక్కను చూచి లోతు మంచులో ఒక పరుగు తీస్తే ఆ ఖర్చును పూడ్చే మేత దొరకదు. చూలు జింకలకు ఇది మరీ ప్రమాదం. ఈ కారణంచేత వయోమింగ్ రాష్ట్రం ఖండవిభాజక రేఖకు పడమటనున్న ప్రభుత్వ భూములలో జనవరి 1 నుండి ఏప్రిల్ 30 వరకు కొమ్ములు ఏరడాన్ని నిషేధించింది. మే 1న తలుపులు తెరచినట్లు జనం పోటెత్తుతారు. 2024 నుండి ఇతర రాష్ట్రాలవారు ఇంకొక వారం ఆగవలసి ఉంది. కొలరాడో పశ్చిమభాగంలోనూ 2018 నుండి ఇటువంటి నిషేధం ఉంది.

వయోమింగ్‌లోనే జాక్సన్ పట్టణం పక్కన 1912లో స్థాపించిన జాతీయ ఎల్క్ ఆశ్రయం ఉంది. అక్కడ రాలిన కొమ్ములను బాయ్ స్కౌట్ బాలురు ఏరుతారు; మే నెలలో పట్టణపు చౌకులో వేలం జరుగుతుంది; వచ్చిన సొమ్ములో అధికభాగం ఆశ్రయానికే తిరిగి చేరుతుంది. ఆ చౌకు నాలుగు మూలలా ఉన్న కమానులు కూడా ఎల్క్ కొమ్ములతో కట్టినవే. యెల్లోస్టోన్ వంటి జాతీయోద్యానాలలో మాత్రం ఏ కాలంలోనైనా కొమ్మును చూడవచ్చు, ఫొటో తీసుకోవచ్చు, తీసుకొనిపోరాదు. కపాలంతో కూడిన కొమ్ములకు అనేక రాష్ట్రాలలో వేరే నియమాలున్నాయి. వాటిని ముట్టకపోవడం మరొక కారణాన కూడా మంచిది: 1967లో కొలరాడోలో మొదట గుర్తించిన క్రానిక్ వేస్టింగ్ వ్యాధి కారకాలైన ప్రియాన్ ప్రోటీన్లు ముఖ్యంగా మెదడు, నాడీకణజాలంలో ఉంటాయి, మట్టిలో ఏళ్ల తరబడి నశించవు.

దుప్పికొమ్ము తెలుగు పెద్దలు ఎరిగిన వస్తువే. ఆయుర్వేదంలో దానిని పుటం పెట్టి శృంగభస్మం చేస్తారు. ఐరోపావారు కొమ్మును గాలి తగలకుండా కాచి, వచ్చిన ఆవిరినుండి హార్ట్స్‌హార్న్ అనే ఉప్పును తీసేవారు. అది ప్రధానంగా అమ్మోనియం కార్బొనేట్, దానిని రొట్టెలు పొంగడానికి వాడారు. రసాయనపరంగా చూస్తే ఒకరు కొల్లాజెన్‌ను కాల్చివేసి ఖనిజాన్ని దాచుకొన్నారు, మరొకరు ఖనిజాన్ని పారవేసి కొల్లాజెన్‌లోని నత్రజనిని పట్టుకొన్నారు. సెలవులకు ఇండియా వెళ్లి నల్లమలలోనో, ఆదిలాబాదు అడవుల్లోనో తిరిగే పిల్లలకు ముందే చెప్పి ఉంచవలసిన మాట ఒకటి ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ దుప్పి, కణితి తమంతట తాము రాల్చిన కొమ్మును కూడా ఇంటికి తెచ్చుకోవడం నేరం. కొమ్ములకు ధర పలికితే, రాలినదేదో, చంపి తీసినదేదో తనిఖీ చేసేవారికి తేల్చడం కష్టమవుతుంది.

చట్టం అనుమతించే చోట కొమ్ము దొరికినప్పుడు వెంటనే పైకెత్తకుండా, పడి ఉన్న తీరున ఒక ఫొటో తీయాలి. తేదీ, స్థలం, పక్కన ఉన్నది చేనా, వాగా, కంచెయా అన్నది ఒక చీటీ మీద వ్రాసి, ఆ చీటీని కొమ్ముకే కట్టాలి. ఏ చోటిదో, ఏ సంవత్సరానిదో తెలియని కొమ్మును ప్రయోగశాలకు ఇస్తే వచ్చే అంకెలకు అర్థం ఉండదు. కుడిదా, ఎడమదా అన్నదీ వ్రాయాలి. తెల్లతోక జింకలో ప్రధాన కాండం బయటికి వంగి, ముందుకు తిరిగి, లోపలికి ముగుస్తుంది. గరుకు మొదలును తన నుదుటి పక్కన ఆనించి, మొన ముందుకు వచ్చేలా పట్టుకొని చూస్తే ఏ వైపుదో పిల్లలైనా చెప్పగలరు. అరిస్టాటిల్ నాటి జనం ఎన్నడూ చూడలేదన్న ఎడమ కొమ్ములు కుడివాటితో సమానంగానే దొరుకుతాయి.